ఒంటరి సెల్లో మనసుకు వైద్యం

ఖైదీని ఒక్కడినే గదిలో పెట్టి తలుపు మూయడాన్ని ఒక పద్ధతిగా మొదట నడిపినవాళ్లు దాన్ని వైద్యమనే నమ్మారు. 1787లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంట్లో కూడిన పెద్దల ముందు బెంజమిన్ రష్ అనే వైద్యుడు శిక్షల గురించి ఒక వ్యాసం చదివాడు. నేరస్థులకు గుండు కొట్టించి, గొలుసులు వేసి, నడివీధిలో మట్టి మోయించే ఆనాటి శిక్ష వాళ్లలో మిగిలిన కాస్త సిగ్గునూ చంపేస్తుందని, జనం కంటికి దూరంగా ఏకాంతంలో ఉంచితే మనిషి తన తప్పు తాను తెలుసుకుంటాడని ఆయన వాదన. జైళ్లలో దుస్థితిని తగ్గించడానికి అదే ఏడు ఆ ఊళ్లో ఒక సంఘం ఏర్పడింది. అందులో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల మాట చెల్లేది. మౌనంగా కూర్చుని లోపలి వెలుగు కోసం ఎదురుచూడడమే వాళ్ల ప్రార్థన కాబట్టి, మౌనం ఎవరికైనా మేలే చేస్తుందని వాళ్లకు గట్టి నమ్మకం. రష్‌ను తర్వాతి తరాలు అమెరికా మనోవైద్యానికి ఆద్యుడన్నాయి. మనసు జబ్బుల మీద ఆ దేశంలో వచ్చిన తొలి పెద్ద గ్రంథం 1812లో ఆయన రాసినదే. మతి చెడినవారిని మనుషులుగా చూడాలన్న ఆలోచన, నేరస్థుణ్ని ఒంటరి గదిలో బాగుచేయవచ్చన్న ఆలోచన ఒకే బుర్రలో పక్కపక్కనే పెరిగాయి.

ఆ నమ్మకానికి కట్టిన ఇల్లు ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ. ఫిలడెల్ఫియా శివార్లలో చెర్రీ హిల్ అనే చోట 1829 అక్టోబరు 25న అది తెరుచుకుంది. జాన్ హావిలండ్ అనే వాస్తుశిల్పి దాన్ని గీశాడు. నడిమధ్య ఒక కావలి గది, దాని నుంచి నలుదిక్కులకూ విడిపోయే ఏడు పొడవాటి వరసలు, ఒక్కో వరసలో రెండు పక్కలా సెల్లు. ఒక్కో సెల్లు సుమారు ఎనిమిది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. పైకప్పులో ఒక చిన్న అద్దపు కంత, వెలుగు అందులోంచే. సెల్లు వెనక ఒక్కడు తిరగడానికి గోడలు కట్టిన చిన్న పెరడు. పైపుల్లో నీళ్లు, మరుగుదొడ్డి, చలికి వేడి గొట్టాలు కూడా ఉన్నాయి. అధ్యక్షుడి భవనానికే అప్పటికి పైపుల నీళ్లు రాలేదు. ఖైదీని బయటికి తీసుకెళ్లాల్సి వస్తే తలకు గుడ్డ ముసుగు వేసేవారు. ఎవరినీ చూడకూడదు, ఎవరికీ కనబడకూడదు. సెల్లులో బైబిలు, చెప్పులు కుట్టడం, నేత వంటి ఒక చేతిపని. వార్డెను, మతబోధకుడు, వైద్యుడు, సంఘ సభ్యులు మాత్రం వచ్చి మాట్లాడి వెళ్లేవారు. ఈ చివరి సంగతిని మరిచిపోకూడదు. కట్టినవాళ్ల ఊహలో కూడా ఆ ఏకాంతం పూర్తి ఏకాంతం కాదు, మంచివాళ్ల రాకపోకలు అందులో భాగమే. తర్వాతి కాలం గోడలను ఉంచుకుని ఆ రాకపోకలను తీసేసింది.

హెచ్చరిక అప్పటికే అందింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆబర్న్ జైలు 1821 చివరలో ఎనభై మంది ఖైదీలను పనీ పాటా లేకుండా, మాట్లాడే మనిషి లేకుండా సెల్లుల్లో మూసి చూసింది. ఏడాది తిరక్కముందే అయిదుగురు చనిపోయారు, ఒకడికి మతి పోయింది. ఇంకొకడు తలుపు తీసిన క్షణంలో పై అంతస్తు నుంచి దూకేశాడు. గవర్నరు ఇరవై ఆరుగురికి క్షమాభిక్ష పెట్టి ఆ ప్రయోగం ఆపించాడు. 1831లో అమెరికా జైళ్లు చూడడానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన టోక్విల్, బోమోంట్ తమ నివేదికలో ఈ సంగతంతా రాశారు. ఈస్టర్న్ స్టేట్‌ను సమర్థించే పెన్సిల్వేనియా పక్షం వాళ్లు మాత్రం తప్పు పని లేకపోవడానిదే తప్ప ఏకాంతానిది కాదన్నారు. వాళ్ల జైలు నమూనాను ప్రపంచమంతటా సుమారు మూడు వందల జైళ్లు తీసుకున్నాయి.

ఈస్టర్న్ స్టేట్‌లోనూ మతి చెదిరినవాళ్లు తేలుతూనే ఉన్నారు. అక్కడి వైద్యుల వివరణ చూస్తే, ఈ చరిత్ర పొడుగునా ఏం జరగబోతోందో ముందే తెలిసిపోతుంది. పిచ్చికి కారణం హస్తప్రయోగమని వాళ్ల నివేదికల్లో రాశారు. వచ్చేటప్పటికే ఆ లక్షణాలున్నాయన్నారు, రక్తంలోనే ఉందన్నారు. గది తప్ప అన్నీ కారణాలే. 1842లో ఆ జైలు చూసిన చార్లెస్ డికెన్స్, ఒంటికి చేసే ఏ హింస కన్నా మనసుకు రోజూ మెల్లగా చేసే ఈ హింస ఘోరమని తన యాత్రా గ్రంథంలో రాశాడు. జైలు పెద్దలు ఆయనను భావోద్వేగి అని కొట్టిపారేశారు. అదే ఏడు లండన్‌లో పెంటన్‌విల్ జైలు అదే పద్ధతిలో తెరుచుకుంది. అక్కడ పద్దెనిమిది నెలల ఏకాంతంతో మొదలుపెట్టి, పిచ్చాసుపత్రికి వెళ్లేవాళ్ల లెక్క చూసి చివరికి తొమ్మిది నెలలకు కుదించారు. మోతాదు తగ్గించారు గానీ మందు తప్పని ఒప్పుకోలేదు.

ఆ నిర్మాణ పద్ధతి బ్రిటిష్ వాళ్ల చేతుల మీదుగా బంగాళాఖాతం దాటింది. 1896లో మొదలై 1906లో పూర్తయిన అండమాన్ సెల్యులర్ జైలుకు కూడా నడిమధ్య గోపురం, చుట్టూ ఏడు వరసలు. రాజకీయ ఖైదీలకు అక్కడ ఏకాంతంతో పాటు నూనె గానుగ కూడా. 1912లో ఇందుభూషణ్ రాయ్ తన సెల్లులోనే ఉరి వేసుకున్నాడు. అలీపూర్ బాంబు కేసులో శిక్ష పడిన ఉల్లాస్‌కర్ దత్‌కు మతి చెడితే మద్రాసు పిచ్చాసుపత్రికి తరలించి ఏళ్ల తరబడి ఉంచారు. సెల్లు చేసిన గాయానికి వైద్యం సముద్రానికి ఇవతల దొరికింది.

అమెరికాలో ఈ కథ ఎక్కువగా ఒకే జిల్లా చుట్టూ తిరుగుతుంది. కొలరాడో రాష్ట్రంలో, ఆర్కన్సా నది ఒడ్డున ఫ్రీమాంట్ కౌంటీ. అక్కడి కానన్ సిటీలో రాష్ట్ర జైలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. భార్యను చంపిన మెడ్లీ అనే ఖైదీకి మరణశిక్ష పడింది. నేరం జరిగాక వచ్చిన 1889 నాటి చట్టం ప్రకారం, ఉరి తీసేదాకా అతణ్ని కానన్ సిటీలో ఏకాంతంలో ఉంచాలి. వెనకటి నేరానికి కొత్తగా శిక్ష పెంచకూడదని అతడు సుప్రీంకోర్టుకెక్కాడు. ఏకాంతం నిజంగా అదనపు శిక్షేనా అన్న ప్రశ్న వచ్చింది. 1890 మార్చి 3న జస్టిస్ శామ్యూల్ మిల్లర్ రాసిన తీర్పు పాత జైళ్ల అనుభవాన్ని తిరగేసింది. కొద్దిపాటి ఏకాంతానికే చాలామంది మొద్దుబారిపోయారని, కొందరు ఉన్మాదులయ్యారని, కొందరు ఆత్మహత్య చేసుకున్నారని, తట్టుకున్నవాళ్లు కూడా సంఘానికి పనికొచ్చేలా కోలుకోలేదని చెప్పింది. మెడ్లీ విడుదలయ్యాడు. వందేళ్ల తర్వాత న్యాయవాదులు కోర్టుల్లో మళ్లీ మొదటి నుంచీ రుజువు చేయాల్సి వచ్చినదంతా ఆ తీర్పులో అప్పుడే ఉంది.

ఈస్టర్న్ స్టేట్ 1913లో ఆ పద్ధతిని అధికారికంగా వదిలేసింది. అప్పటికే సెల్లుకు ఇద్దరు ముగ్గురిని కుక్కుతున్నారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ఏకాంతం జైలు లోపలి చీకటి కొట్టుగా మిగిలింది, మాట వినని ఖైదీకి కొన్నాళ్ల దండన. ఫెడరల్ ప్రభుత్వం 1933లో మిస్సోరిలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జబ్బు ఖైదీలకు ఆసుపత్రి జైలు, 1934లో మొండి ఖైదీలకు ఆల్కట్రాజ్ జైలు తెరిచింది. ఒకే మనిషి రెండు చోట్లకీ చెందితే ఎక్కడ ఉంచాలన్నది అప్పుడూ తేలలేదు. ఆల్కట్రాజ్ 1963లో మూతపడ్డాక ఇల్లినాయిలోని మారియన్ దాని స్థానంలోకి వచ్చింది. 1983 అక్టోబరు 22న అక్కడ ఒకే రోజు ఇద్దరు వార్డర్లను ఇద్దరు ఖైదీలు వేర్వేరుగా చంపేశారు. జైలంతా తాళం పడింది, ఆ తాళం ఇరవై మూడేళ్లు తియ్యలేదు. దండనగా కొన్నాళ్లుండే ఏకాంతం జైలు మొత్తానికి నిత్య జీవితమైంది. పూర్తిగా ఏకాంతం మీదే నడిచే ‘సూపర్‌మ్యాక్స్’ జైళ్లకు మాతృక అదే.

ఇదే కాలంలో బయట మరో మార్పు జరిగింది. అమెరికా రాష్ట్ర మానసిక ఆసుపత్రుల్లో 1955లో సుమారు 5,58,000 మంది రోగులుండేవారు. 1994 నాటికి సుమారు 72,000 మంది మిగిలారు. ఆసుపత్రులు మూసినవాళ్లు ఊళ్లలో వైద్య కేంద్రాలు పెడతామన్నారు, చాలాచోట్ల పెట్టలేదు. వీధిన పడ్డ రోగుల్లో కొందరు చిన్నా పెద్దా నేరాలతో జైలుకు చేరారు. జైలు లోపల, లేని గొంతులు వినబడే మనిషి లెక్కింపు వేళ నిలబడమంటే నిలబడడు, వార్డరు చెయ్యి వేస్తే తిరగబడతాడు. అది నియమోల్లంఘన, దానికి శిక్ష ఏకాంతం. ఏకాంతంలో జబ్బు ముదురుతుంది, ముదిరిన జబ్బు మళ్లీ నియమం తప్పిస్తుంది, గడువు మళ్లీ పెరుగుతుంది. అతి ప్రమాదకరమైనవాళ్ల కోసమని కట్టిన గదులు అతి జబ్బుగా ఉన్నవాళ్లతో నిండడానికి ఎవరి దుర్బుద్ధీ అక్కర్లేదు, నియమాల పుస్తకం ఒక్కటి చాలు.

చట్టం కొంత ముందుకు నడిచింది. ఖైదీ తీవ్రమైన జబ్బును తెలిసీ పట్టించుకోకపోవడం క్రూర శిక్షేనని సుప్రీంకోర్టు 1976లో ఎస్టెల్ కేసులో చెప్పింది. మనసు జబ్బుకూ అదే వర్తిస్తుందని మరుసటి ఏడు ఒక అప్పీలు కోర్టు బౌరింగ్ కేసులో తేల్చింది. 1980లో టెక్సస్ జైళ్ల మీద జడ్జి విలియం వేన్ జస్టిస్ ఇచ్చిన తీర్పు, జైల్లో మనోవైద్యమంటే కనీసం ఏముండాలో చెప్పింది. జబ్బున్నవాళ్లను గుర్తించే పరీక్ష, చాలినంతమంది శిక్షణ పొందిన సిబ్బంది, గోప్యంగా ఉంచే సరైన రికార్డులు, ఆత్మహత్యల నివారణ, పర్యవేక్షణ లేకుండా ప్రమాదకరమైన మందులు ఇవ్వకపోవడం. వీటితో పాటు ఇంకో మాట కూడా అంది. రోగిని వేరుగా మూసిపెట్టి కనిపెట్టుకుని ఉంటే అది వైద్యం కాదు.

మనోవైద్యుడు స్టువర్ట్ గ్రాసియన్ మసాచుసెట్స్‌లోని వాల్‌పోల్ జైలులో ఏకాంతంలో ఉన్న పద్నాలుగు మందిని పరీక్షించి 1983లో ఫలితాలు ప్రచురించాడు. చిన్న చప్పుడు కూడా భరించలేకపోవడం, లేనివి కనబడడం, వినబడడం, ఉన్నట్టుండి భయం కమ్ముకోవడం, దేని మీదా దృష్టి నిలవకపోవడం, చంపాలన్న ఆలోచనలు అదేపనిగా రావడం. వాళ్లలో చాలామంది ఈ సంగతులు ముందు చెప్పలేదు, పిచ్చివాడంటారని భయపడ్డారు. పందొమ్మిదో శతాబ్దపు జైలు వైద్యుల కాగితాల్లో ఉన్న లక్షణాలే ఇవి.

1989 చివరలో కాలిఫోర్నియా ఉత్తర కొసన పెలికన్ బే జైలు తెరుచుకుంది. అందులోని ఏకాంత విభాగంలో సెల్లులకు కిటికీలు లేవు, రోజుకు ఇరవై రెండున్నర గంటలు లోపలే. 1992లో అక్కడ మనసు జబ్బున్న ఖైదీ ఒకడు ఒంటికి మలం పూసుకుంటే, మరిగే నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి తోమారు. చర్మం ఊడివచ్చింది. 1995 జనవరిలో జడ్జి థెల్టన్ హెండర్సన్ మాడ్రిడ్ కేసు తీర్పు ఇచ్చాడు. మనసు జబ్బున్నవాణ్ని ఆ విభాగంలో పెట్టడం ఉబ్బసం ఉన్నవాణ్ని గాలాడని చోట పెట్టడం లాంటిదేనన్నాడు. జబ్బున్నవాళ్లను, జబ్బు పడే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లను అక్కడి నుంచి తీసెయ్యాలన్నాడు. మిగతావాళ్ల విషయంలో మాత్రం, మనసు భరించగల అంచుదాకా వెళ్తోందంటూనే, రాజ్యాంగ విరుద్ధమనలేదు. దీంతో ప్రశ్న ఆకారమే మారింది. ఈ గదిలో ఎవరినైనా ఉంచవచ్చా అని అడగాల్సినచోట, ఎవరిని ఉంచకూడదు అని అడగడం మొదలైంది. ఎవరు రోగి అన్న నిర్ణయం మీదే అంతా ఆధారపడింది. ఆ నిర్ణయం చేసేది జైలు జీతం తీసుకునే వైద్యులు.

ఆ చిక్కు ఎంత లోతుదో ఫ్రీమాంట్ కౌంటీలోనే మళ్లీ బయటపడింది. కానన్ సిటీకి పది మైళ్ల దూరంలో, ఫ్లారెన్స్ ఊరి వెలుపల 1994లో ఫెడరల్ ప్రభుత్వం ఏడీఎక్స్ జైలు తెరిచింది. సెల్లు ఏడడుగులు, పన్నెండడుగులు. మంచం, బల్ల, పీట అన్నీ సిమెంటుతో పోసినవే. నాలుగంగుళాల వెడల్పు కిటికీలోంచి కాస్త ఆకాశం, గోడ తప్ప మరేమీ కనబడవు. లోపల ఊచల తలుపు, బయట నిండు ఉక్కు తలుపు, అన్నం పళ్లెం కంతలోంచి. బాంబు కేసుల్లో పేరుమోసినవాళ్లు అక్కడున్నారని లోకమంతటికీ తెలుసు. పేరు తెలియని ఎంతోమంది మనోరోగులు కూడా అక్కడే ఉన్నారని చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

ఇలాంటి జైళ్లలో వైద్యం నడిచే తీరు దాదాపు ఎక్కడైనా ఒక్కటే. నర్సు బండి తోసుకుంటూ వచ్చి కంతలోంచి మాత్ర ఇస్తుంది. సైకాలజిస్టు వారానికో నెలకో వరస వెంబడి నడుస్తూ తలుపు ముందు ఆగి, ఎలా ఉన్నావని గట్టిగా అడుగుతాడు. అటూ ఇటూ సెల్లులవాళ్లు వింటున్నారని ఖైదీకి తెలుసు. బలహీనుడని తేలితే తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు. బాగానే ఉన్నానంటాడు. కాగితం మీద ‘ఫిర్యాదు లేదు’ అని పడుతుంది. విడిగా కూర్చుని మాట్లాడాలంటే ముందు బట్టలు విప్పి తనిఖీ, తర్వాత చేతులకూ కాళ్లకూ సంకెళ్లు, పక్కన వార్డర్లు. వద్దులెమ్మంటే ‘వైద్యం నిరాకరించాడు’ అని రాస్తారు. చెయ్యి కోసుకుంటే నాటకమంటారు. కాలిఫోర్నియా జైళ్లలో ఆత్మహత్యకు తెగించినవాళ్లను ఆసుపత్రి మంచం ఖాళీ అయ్యేదాకా టెలిఫోన్ బూత్ అంత బోన్లలో నిలబెట్టేవారు. 2011లో సుప్రీంకోర్టు ఆ బోన్ల ఫొటోను తీర్పుకు జతచేసింది.

2012 జూన్‌లో ఏడీఎక్స్ ఖైదీల తరఫున కొలరాడో ఫెడరల్ కోర్టులో దావా పడింది. మనోరోగులను ఆ జైలుకు పంపకూడదని జైళ్ల శాఖ నియమాల్లోనే ఉంది. మనసు జబ్బు మందులు వాడేవాళ్లను అక్కడి కంట్రోల్ యూనిట్ అనే విభాగంలో ఉంచకూడదు కూడా. ఆ నియమాన్ని ఎలా పాటించారో ఫిర్యాదు వివరించింది. మనిషిని ఉంచి మందు ఆపేశారు. మందు లేదు కాబట్టి జబ్బు లేదు, జబ్బు లేదు కాబట్టి ఉంచవచ్చు. చికిత్స పేరిట సెల్లులోని టీవీలో పాఠాలు వేసి, నింపడానికి పుస్తకాలు ఇచ్చేవారని, కొందరు ఖైదీలు బ్లేడు ముక్కలు మింగారని, వేళ్లు, చెవితమ్మెలు కోసుకున్నారని కూడా అందులో ఉంది. వచ్చేటప్పుడు ఏ జబ్బూ లేని మనిషి అక్కడే ఆ స్థితికి చేరిన ఉదంతం కూడా ఉంది. 2014లో జైళ్ల శాఖ మనోరోగుల సంరక్షణకు కొత్త విధానం ప్రకటించి, అవసరాన్ని బట్టి నాలుగు స్థాయిలు పెట్టింది. కేసు 2016 చివర రాజీతో ముగిసింది. ఖైదీలందరినీ పరీక్షించడం, సిబ్బందిని పెంచడం, జబ్బున్నవాళ్లను అట్లాంటా, అలెన్‌వుడ్ వంటి చోట్ల పెట్టిన చికిత్సా విభాగాలకు మార్చడం ఒప్పందంలోకి వచ్చాయి. వందమందికి పైగా ఏడీఎక్స్ నుంచి బయటపడ్డారు.

అయితే 2017లో న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక ఇంకో సంగతి బయటపెట్టింది. కొత్త విధానం వచ్చాక ఫెడరల్ జైళ్లలో క్రమం తప్పని మనోవైద్యం అందుకునేవాళ్లు పెరగాల్సింది పోయి సుమారు 30 శాతం తగ్గారు. చూడాల్సిన పని పెరిగింది, సిబ్బంది పెరగలేదు. ఆ ఒత్తిడిలో ఖైదీల స్థాయిని కిందికి దించి ఉండవచ్చని నివేదిక అంది. చికిత్సా విభాగానికి మార్చకముందు ఒక మనోరోగి ఏడీఎక్స్‌లో సుమారు 19 ఏళ్లు గడిపినట్టు కూడా అందులో ఉంది.

ఏకాంతం అందరినీ చెడగొట్టదనే వాదనకూ కొలరాడోయే ఆధారమిచ్చింది. అక్కడి రాష్ట్ర జైలు ఖైదీలను ఏడాది పాటు గమనించిన అధ్యయనం 2010లో వెలువడింది. మనసు జబ్బున్నవాళ్ల స్థితి మొదటి నుంచీ చెడ్డగానే ఉందని, అయితే ఏకాంతం వల్ల అనుకున్నంతగా ఇంకా దిగజారలేదని అది తేల్చింది. ఖైదీలు తామే నింపిన ప్రశ్నపత్రాల మీద ఎక్కువగా ఆధారపడిందని నిపుణులు గట్టిగా ఆక్షేపించారు. తలుపు ముందు అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబు సంగతి తెలిసినవారికి ఆ ఆక్షేపణ బలం అర్థమవుతుంది.

2011లో కొలరాడో జైళ్ల అధిపతిగా వచ్చిన టామ్ క్లెమెంట్స్‌కు ఏకాంతంలో సుమారు 1,500 మంది కనిపించారు. గడువు తీరినవాళ్లను అక్కడి నుంచి నేరుగా వీధిలోకి వదలడం ఆయనను కలవరపెట్టింది, సంఖ్య తగ్గించడం మొదలుపెట్టాడు. 2013 మార్చి 19న ఇంటి తలుపు తట్టిన మనిషి ఆయనను కాల్చి చంపాడు. చంపినవాడు కొద్ది వారాల ముందు ఏకాంతం నుంచి నేరుగా విడుదలైనవాడే. తర్వాత పదవికి వచ్చిన రిక్ రేమిష్ ఆ పనిని ఆపలేదు. 2014 జనవరిలో తానే ఒక ఏకాంత సెల్లులో ఇరవై గంటలు గడిపి, ఆ అనుభవాన్ని పత్రికలో రాశాడు. తీవ్ర మనోరోగులను దీర్ఘకాలం ఏకాంతంలో ఉంచకూడదని అదే ఏడు రాష్ట్రం చట్టం చేసింది. వాళ్లకు వారానికి పది గంటలు చికిత్స కోసం, మరో పది గంటలు మామూలుగా సెల్లు బయట గడపడానికి ఇవ్వాలని నియమం పెట్టుకున్నారు. మొదట్లో కాళ్లు బల్లకు కట్టి కూర్చోబెట్టినా, ఒకే బల్ల చుట్టూ నలుగురు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోగలిగారు.

2015 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు, వరసగా పదిహేను రోజులు దాటిన ఏకాంతాన్ని నిషేధించాయి. జబ్బు ముదిరే ప్రమాదమున్న మనోరోగులకు అసలే వద్దన్నాయి. ఏకాంతంలో ఉన్నవాణ్ని వైద్యుడు రోజూ చూడాలి తప్ప, శిక్ష వేయడంలో పాలుపంచుకోకూడదన్నాయి. పాత భారత శిక్షాస్మృతిలో 1860 నుంచే ఒక హద్దు ఉండేది. కోర్టు విధించే ఏకాంతం ఒక విడతకు పద్నాలుగు రోజులు దాటకూడదు. కానీ జైళ్లు ‘భద్రత’ పేరుతో అంతకన్నా ఎక్కువ కాలం మూసిపెట్టేవి. తీహార్ జైలు నుంచి సునీల్ బాత్రా వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు, మరణశిక్ష తుదిగా ఖాయం కాకముందు ఖైదీని ఆ పేరుతో ఏకాంతంలో ఉంచే అధికారం జైళ్ల చట్టం ఇవ్వదని చెప్పింది. 2023 భారతీయ న్యాయ సంహిత ఏకాంత శిక్షను ఆ హద్దుతో సహా అలాగే ఉంచింది.

కొలరాడో రాష్ట్రం 2017లో తన జైళ్లన్నిటిలో ఏకాంతానికి పదిహేను రోజుల హద్దు పెట్టుకుంది. అదే కౌంటీలోని ఫెడరల్ ఏడీఎక్స్‌కు ఆ నియమం వర్తించదు. అక్కడ మనోరోగి అని గుర్తింపు పొందినవాడికి బయటికి దారి ఉంది. ఆ గుర్తింపు లేనివాడి ఏకాంతానికి రోజుల హద్దు లేదు.